గృహరుణ సంక్షోభంపై వచ్చిన సినిమాలు ప్రేక్షకుల రాజకీయాన్ని మారుస్తాయా?

కృష్ణాతీరం:

2008లో అమెరికాలో గృహరుణాల వ్యవస్థ కూలిపోయిన తీరు మీద వచ్చిన నాలుగు చిత్రాలను ఈ మధ్య వరుసగా చూశాను. చార్లెస్ ఫెర్గూసన్ డాక్యుమెంటరీ ‘ఇన్‌సైడ్ జాబ్’ (2010), జె.సి. చాందోర్ ‘మార్జిన్ కాల్’ (2011), రమీన్ బహ్రానీ ‘99 హోమ్స్’ (2014), ఆడమ్ మెకే ‘ద బిగ్ షార్ట్’ (2015). నాలుగింటికీ మూలం ఒకటే అయినా, ఒక్కో చిత్రం ముగిసేసరికి నా కోపం ఒక్కొక్కరి మీదికి మళ్లింది. మొదటిది చూశాక ప్రభుత్వాలకు సలహాలిచ్చే ఆర్థికవేత్తల మీద, మూడోది చూశాక జప్తు ఇళ్లతో వ్యాపారం చేసే దళారుల మీద, నాలుగోది చూశాక వాల్ స్ట్రీట్ మొత్తం మీద కోపం వచ్చింది. ‘మార్జిన్ కాల్’ మాత్రం, ఒక రాత్రి గడిచేలోగా తమ దగ్గరున్న విలువలేని బాండ్లను ఇతరులకు అంటగట్టాలని నిర్ణయించుకున్నవాళ్ల పట్ల కూడా కొంత జాలి కలిగించింది. ఆ జాలే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది.

‘ద బిగ్ షార్ట్’ దర్శకుడి ఉద్దేశంలో దాపరికం ఏమీ లేదు. చిత్రం 2015 డిసెంబరులో విడుదలైంది, రెండు నెలల్లోపే అధ్యక్ష అభ్యర్థుల ఎంపిక కోసం ప్రైమరీలు మొదలయ్యాయి. 2016 ఫిబ్రవరిలో స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకుంటూ, పెద్ద బ్యాంకుల దగ్గరా చమురు కంపెనీల దగ్గరా విడ్డూరపు శతకోటీశ్వరుల దగ్గరా డబ్బు తీసుకునే అభ్యర్థులకు ఓటు వేయవద్దని మెకే ఆ వేదిక మీదే చెప్పారు. ఇలాంటి చిత్రాలు ఓటరు మనసును నిజంగా మారుస్తాయా, లేక ముందే ఉన్న కోపానికి ఒక ముఖాన్నీ కొన్ని మాటలనూ ఇచ్చి పంపిస్తాయా అన్నది ఇక్కడ చర్చించాలని ఉంది.

లెక్కలమేస్త్రి:

బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసేవాణ్ణి కాబట్టి ముందు ‘ద బిగ్ షార్ట్’కు దక్కవలసిన మెప్పు దక్కనిస్తాను. అప్పు ఇచ్చినవాడు ఆ పత్రాన్ని వెంటనే వేరేవాడికి అమ్మేసుకోగలిగితే, తీసుకున్నవాడు వాయిదాలు కడతాడా లేదా అన్న చింత అతనికి ఉండదు. అలాంటి అప్పులను వేల సంఖ్యలో మూటగట్టి, ఆ మూటకు, అప్పుల భద్రతను అంచనా వేసే రేటింగ్ సంస్థల చేత అత్యంత సురక్షితమన్న ‘ట్రిపుల్ ఏ’ ముద్ర వేయించడమే ఆనాటి కిటుకు. కంటి పరీక్ష చేయించుకుని వచ్చి నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్న రేటింగ్ సంస్థ ఉద్యోగిని, మేము ఆ ముద్ర వేయకపోతే వాళ్లు వీధి చివరనున్న మా పోటీదారు దగ్గరకు పోతారని ఒప్పుకునే సన్నివేశం, మా శిక్షణ తరగతుల్లో గంటసేపు చెప్పేదానికంటే స్పష్టంగా ఉంది.

అయితే ఆ చిత్రం వదిలేసినది కూడా చాలా ఉంది. ప్రభుత్వ అండతో బ్యాంకుల నుంచి గృహరుణాలను కొనుక్కునే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలు తెరమీద దాదాపుగా కనిపించవు. 2008 సెప్టెంబరు 7న, పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలాకు ఎనిమిది రోజుల ముందు, ఆ రెండింటినీ ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకోవలసి వచ్చింది. అందరికీ సొంత ఇల్లు ఉండాలన్న విధానాన్ని క్లింటన్, బుష్ ప్రభుత్వాలు రెండూ ప్రోత్సహించాయి. సంక్షోభ కారణాలను విచారించిన కమిషన్ 2011 జనవరిలో ఇచ్చిన నివేదికపై పదిమంది సభ్యుల్లో ఆరుగురే సంతకం చేశారు. మిగిలిన నలుగురు రిపబ్లికన్లలో ముగ్గురు కలిసి ఒక భిన్నాభిప్రాయం రాస్తే, పీటర్ వాలిసన్ తప్పంతా ప్రభుత్వ గృహ విధానానిదేనంటూ విడిగా మరొకటి రాశారు. నేను వాలిసన్ వాదంతో ఏకీభవించను. పేదల ప్రాంతాల్లో కూడా అప్పులివ్వాలని బ్యాంకులను ఆదేశించే 1977 నాటి చట్టానికి, అధిక వడ్డీ గృహరుణాల్లో 6 శాతానికి మాత్రమే సంబంధం ఉందని ఆ కమిషనే తేల్చింది. నా అభ్యంతరం వేరు. నిపుణులు పార్టీల వారీగా చీలిపోయి వాదించుకున్న ప్రశ్నకు సినిమా ఒకే జవాబు ఇచ్చి, అటువైపు వాదన ఒకటి ఉందన్న సంగతే ప్రేక్షకుడికి తెలియనివ్వలేదు.

వేదవతి:

కృష్ణాతీరం గారి ప్రశ్న మీద కొంత పరిశోధన జరిగింది. కథలో లీనమైపోయిన పాఠకులు ఆ కథలో తప్పులు వెతకడం తగ్గించి, దానికి అనుగుణమైన నమ్మకాల వైపు మొగ్గుతారని మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. రాజకీయ చిత్రాల విషయానికి వస్తే, ఎన్నికల కోసం ప్రభుత్వమే ఒక దొంగ యుద్ధాన్ని సృష్టించే కథతో 1997లో వచ్చిన ‘వాగ్ ద డాగ్’ను విద్యార్థులకు చూపించి మల్లిగన్, హేబెల్ చేసిన అధ్యయనం ఉంది. అది చూసినవాళ్లు నిజజీవితంలోనూ అలాంటి కుట్ర జరగవచ్చని, చూడనివాళ్ల కంటే ఎక్కువగా నమ్మారు. అది పూర్తిగా కల్పిత కథ అని వాళ్లకు తెలుసు, అయినా నమ్మారు.

మరో విచిత్రం మార్కుస్ ఆపెల్, టోబియాస్ రిక్టర్ 2007లో ప్రచురించిన పరిశోధనలో కనిపిస్తుంది. కథలో చదివిన ఒక అబద్ధపు వాస్తవం మీద నమ్మకం, చదివిన వెంటనే ఉన్నదానికంటే రెండు వారాల తరువాత బలపడింది. ఫలానా మాట ఎక్కడ విన్నామన్నది మరిచిపోతాం, మాట మాత్రం మిగులుతుంది. ‘ద బిగ్ షార్ట్’ చూసినవారు ఏడాది తరువాత సంక్షోభం గురించి మాట్లాడుతున్నప్పుడు, తమ అభిప్రాయంలో ఎంత భాగం పత్రికల నుంచి వచ్చిందో, ఎంత భాగం స్నానపు తొట్టిలో కూర్చుని సబ్‌ప్రైమ్ అప్పులను, అంటే తిరిగి కట్టే స్తోమత తక్కువున్నవారికిచ్చే అప్పులను, వివరించిన నటి మార్గో రాబీ నుంచి వచ్చిందో విడదీసి చెప్పగలరని నేను అనుకోను.

నీలగిరి:

వేదవతి గారు చెప్పిన ప్రయోగాల్లో సినిమా చూడమని ఒకరు కూర్చోబెడతారు. బయట ఎవరూ కూర్చోబెట్టరు. బ్యాంకుల మీద ముందే మండిపడుతున్నవాడే టికెట్టు కొంటాడు, మిగిలినవాడు అదే నెలలో విడుదలైన ‘స్టార్ వార్స్’కు వెళ్తాడు. కాబట్టి సినిమా చూసి బయటికొచ్చినవాళ్ల అభిప్రాయాలు సేకరించి, ఇదంతా సినిమా మహిమే అనుకోవడం గుడికి వచ్చినవాళ్లను లెక్కపెట్టి ఊరంతా భక్తులే అనుకోవడం లాంటిది. అసలు రాజకీయం సినిమాల కంటే ముందే తేలిపోయింది. ప్రభుత్వ ఖర్చునూ పన్నులనూ వ్యతిరేకించే టీ పార్టీ ఉద్యమం 2009లో మొదలైంది, పెద్ద బ్యాంకులకు వ్యతిరేకంగా న్యూయార్క్‌లో గుడారాలు వేసిన వాల్ స్ట్రీట్ ఆక్రమణ 2011 సెప్టెంబరు 17న మొదలైంది. మెకే చిత్రం వచ్చేసరికి ఆ గుడారాలు ఎత్తేసి నాలుగేళ్లు గడిచాయి.

ఎడారివాసి (ఫీనిక్స్):

ఆ రోజులను దగ్గర నుంచి చూసినవాడిగా నీలగిరి గారి మాటలో సగం ఒప్పుకుంటాను. మా ఫీనిక్స్‌లో 2006 నాటి ఇళ్ల ధరలు తరువాతి ఐదేళ్లలో సగానికంటే కిందికి పడిపోయాయి. వీధికి రెండు మూడు ఇళ్ల తలుపుల మీద నోటీసులు అంటించి ఉండేవి, వెనుక పెరట్లో ఈతకొలను నీళ్లు పచ్చగా మారి దోమలు పెరిగేవి. హెచ్-1బీ మీద వచ్చి చేతిలో కొంత పొదుపు ఉన్న తెలుగు కుటుంబాలు కొన్ని, నాతో సహా, ఆ తరువాతి సంవత్సరాల్లో అలాంటి ఫోర్‌క్లోజర్ (బ్యాంకు జప్తు చేసిన) ఇళ్లనే కొనుక్కున్నాయి. మా విందుల్లో వినిపించిన అభిప్రాయం ఒకటే: స్తోమతకు మించి అప్పు చేసినవాళ్లు అనుభవిస్తున్నారు, మన పన్నులతో వాళ్లను ఎందుకు ఆదుకోవాలి? 2009 ఫిబ్రవరి 19న షికాగో ట్రేడింగ్ ఫ్లోర్ మీద నిలబడి టీవీ వ్యాఖ్యాత రిక్ శాంటెల్లీ అడిగింది కూడా అదే. అదనంగా ఒక బాత్రూము కట్టుకుని బిల్లులు కట్టలేని పొరుగువాడి అప్పును మీలో ఎవరు తీరుస్తారని ఆయన అడిగితే, చుట్టూ ఉన్న వ్యాపారులు మేము తీర్చమని అరిచారు. టీ పార్టీకి ఊపు వచ్చింది ఆ వీడియోతోనే. దాన్ని ఎవరూ సినిమాగా తీయలేదు, అయినా నేను చూసిన ఏ సినిమా కంటే అది ఎక్కువ రాజకీయం నడిపింది.

ఇక్కడివాళ్లు తరచుగా మరిచిపోయే ఇంకో సంగతి ఉంది. 2009 ఫిబ్రవరి ఉద్దీపన చట్టంలో, ప్రభుత్వ సాయం పుచ్చుకున్న బ్యాంకులు హెచ్-1బీ ఉద్యోగులను కొత్తగా తీసుకోవడాన్ని రెండేళ్లపాటు కఠినం చేసే నిబంధన ఒకటి చేర్చారు. ప్రతిపాదించినవారు బెర్నీ శాండర్స్, చక్ గ్రాస్లీ. ఒకరు వామపక్షం, మరొకరు రిపబ్లికన్. ‘ద బిగ్ షార్ట్’ చివర్లో స్టీవ్ కారెల్ పాత్ర, ఇక జనం ఎప్పటిలాగే వలసవచ్చినవాళ్లనూ పేదవాళ్లనూ నిందిస్తారని అంటుంది. ఆ మాట విన్నప్పుడు హాల్లో చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ నింద చట్టరూపం దాల్చిన ఏడాది నాకు గుర్తుంది. దానికి ముందుండి నడిచినవాళ్లలో ఒకరైన శాండర్స్, ఈ చిత్ర దర్శకుడు అభిమానించిన నాయకుడే.

సాయంసంధ్య:

ఎడారివాసి గారు చెప్పిన పచ్చబడిన ఈతకొలను ‘ద బిగ్ షార్ట్’లోనూ ఉంది, అందులో ఒక మొసలిని కూడా పెట్టారు. నా ఫిర్యాదంతా ఆ మొసలి గురించే. ఇల్లు పోగొట్టుకున్న మనిషిని మెకే చిత్రం చూపించేది చాలా తక్కువ, చూపించినప్పుడు కూడా ఎక్కువసార్లు హాస్యానికే వాడుకుంటుంది. ఐదు ఇళ్లు కొనుక్కున్న నర్తకి వస్తుంది. ఇంటి యజమాని అప్పు దరఖాస్తులో తన కుక్క పేరు రాశాడని తెలుస్తుంది. ఆ ఇంట్లో అద్దెకున్న అతను మాత్రం నెలనెలా అద్దె కట్టాడు, యజమాని బ్యాంకుకు కట్టలేదు. ఆ అద్దెవాసి చివర్లో కుటుంబంతో సహా బండిలో బతుకుతూ కొన్ని క్షణాలు కనిపించి మాయమవుతాడు. రెండు గంటల పది నిమిషాల చిత్రంలో ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి ఎదురుచూసేది, ఇళ్ల మార్కెట్ కూలుతుందని పందెం కాసిన కథానాయకులకు డబ్బు ఎప్పుడు వస్తుందా అని. వాళ్లకు డబ్బు రావాలంటే ఆ అద్దెవాసి రోడ్డున పడాలి. బ్రాడ్ పిట్ పాత్ర గంతులేస్తున్న ఇద్దరు కుర్రాళ్లను గద్దించి ఈ మాటే గుర్తుచేస్తుంది కానీ, ఆ గద్దింపు అయిపోగానే కథ మళ్లీ పందెంలోకే వెళ్లిపోతుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా ‘99 హోమ్స్’ను పెట్టి చూడండి. ఆర్లాండోలో ఒక ఉదయం తలుపు చప్పుడు. తీస్తే ఎదురుగా పోలీసు దుస్తుల్లో ఇద్దరు, వాళ్ల పక్కన లేత రంగు సూటులో దళారి (మైఖేల్ షానన్). ఈ ఇల్లు ఇప్పుడు బ్యాంకుదని, మీరు ఇక్కడ అక్రమంగా ఉన్నారని, ముఖ్యమైనవి తీసుకోవడానికి కొన్ని నిమిషాలు ఇవ్వడం కూడా మర్యాద కొద్దీనేనని చెబుతాడు. ఆ ఇంటివాడి పాత్ర వేసిన ఆండ్రూ గార్‌ఫీల్డ్ కోర్టులో అప్పీలుకు గడువు ఉందని చెబుతూనే ఉంటాడు, తల్లి ఏ వస్తువు తీసుకోవాలో తెలియక గదుల మధ్య తిరుగుతుంది, కూలీలు మంచాలు, బొమ్మలు, వంటసామాను తెచ్చి గడ్డి మీద పడేస్తారు. ఇదంతా పొరుగువాళ్లు చూస్తుంటారు. దర్శకుడు ఆ సన్నివేశాన్ని ఎక్కడా కుదించలేదు. ఇళ్లు పోయినవాళ్లు స్తోమతకు మించి అప్పు చేశారని అప్పటిదాకా అనుకున్న ప్రేక్షకుడు అయినా ఆ గడ్డి మీది సామాను చూస్తూ అదే మాటను అంత తేలిగ్గా అనలేడు.

ఆ చిత్రం అక్కడితో ఆగి ఉంటే కన్నీటి కథ అయ్యేది. గార్‌ఫీల్డ్ అదే దళారి దగ్గర పనిలో చేరి, ఖాళీ ఇళ్లలోని ఏసీ యంత్రాలను దొంగతనంగా విప్పుకుపోయి, వాటినే మళ్లీ బిగించినట్టు చూపించి ప్రభుత్వ అండగల సంస్థకు బిల్లు పెడతాడు. లెక్కలమేస్త్రి గారు లేదన్న ఫ్యానీ మే ఇక్కడ ఉంది, ప్రజాధనం ఎలా కారిపోతుందో కూడా ఉంది. అమెరికా కట్టింది గెలిచినవాళ్లను ఆదుకోవడం మీదే గాని ఓడినవాళ్లను కాదని ఆ దళారి ధీమాగా చెప్పే ఘట్టంలో, బ్యాంకులకు ప్రభుత్వం కేటాయించిన 70,000 కోట్ల డాలర్ల సాయమూ ఇళ్లు పోయినవారి కథా ఒకే చోట కలుస్తాయి.

నీలగిరి:

సాయంసంధ్య గారి విశ్లేషణ బాగుంది, కాని ఆ చిత్రాన్ని చూసినవాళ్లెందరు? ‘ద బిగ్ షార్ట్’ ప్రపంచవ్యాప్తంగా 13 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ‘99 హోమ్స్’కు అందులో ఇరవయ్యో వంతు కూడా రాలేదు. ప్రేక్షకుడు గెలిచేవాడి పక్కనే కూర్చోవాలనుకుంటాడు. మన దగ్గర ‘లక్కీ భాస్కర్’లో బ్యాంకు క్యాషియరు తప్పు చేసి తప్పించుకుంటే చప్పట్లు కొట్టింది కూడా అందుకే. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఎవరైనా బ్యాంకింగ్ నియంత్రణ మీద అభిప్రాయం మార్చుకున్నారా?

వేదవతి:

వసూళ్లతో ప్రభావాన్ని కొలిస్తే ‘ఇన్‌సైడ్ జాబ్’ను కూడా కొట్టిపారేయవలసి వస్తుంది, అది తప్పవుతుంది. అందులో ఫెర్గూసన్ ఆర్థికశాస్త్ర ఆచార్యులను కూర్చోబెట్టి, మీకు ఏ సంస్థలు డబ్బిచ్చాయని అడుగుతారు. ఐస్‌లాండ్ ఆర్థిక వ్యవస్థ దృఢంగా ఉందని 2006లో నివేదిక రాసిన ఫ్రెడరిక్ మిష్కిన్, అందుకు ఆ దేశపు వాణిజ్య మండలి నుంచి 1,24,000 డాలర్లు తీసుకున్న సంగతి తెరమీదికి వస్తుంది. మరో ఆచార్యుడు గ్లెన్ హబ్బర్డ్ సహనం కోల్పోయి, మీకు ఇంకో మూడు నిమిషాలే ఉన్నాయని హెచ్చరిస్తారు. ఈ చిత్రానికి 2011లో ఆస్కార్ వచ్చింది. 2012 జనవరిలో అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్, తన పత్రికల్లో రాసేవారు తమకు డబ్బిచ్చిన సంస్థల వివరాలు వెల్లడించాలని నియమం తెచ్చింది. ఈ చిత్రం ఒక్కటే కారణం కాదు, ఆర్థికవేత్తలలోనే కొందరు అప్పటికే అడుగుతున్నారు. అయినా లక్షలమంది ఓటర్ల మనసు మార్చడం కంటే, సిగ్గుపడగల కొన్ని వందలమందికి చూపించడం వల్ల వచ్చిన మార్పు ఇక్కడ ఎక్కువ.

కృష్ణాతీరం:

ఇప్పటిదాకా మనం మాట్లాడినవన్నీ దాదాపు ఒక పక్షం తీసిన చిత్రాలు. రెండో పక్షం కూడా తీసింది. 2010లోనే స్టీవ్ బానన్ ‘జనరేషన్ జీరో’ అనే డాక్యుమెంటరీ తీశారు. అందులో సంక్షోభానికి మూలం 1960ల నాటి యువతరం విలువలు వదిలేయడంలో ఉందని, ఆ తరమే పెద్దయ్యాక వాల్ స్ట్రీట్‌నూ వాషింగ్టన్‌నూ కలిపి దోచుకుందని వాదిస్తారు. బ్యాంకుల సాయం మీద అందులో కనిపించే కోపం, మెకే చిత్రంలోని కోపానికి ఏమాత్రం తక్కువ కాదు. 2016 ఆగస్టులో అదే బానన్ ట్రంప్ ప్రచార సారథి అయ్యారు, నవంబరులో వచ్చిన ట్రంప్ చివరి ప్రకటనలో గోల్డ్‌మన్ శాక్స్ అధిపతి ముఖం చూపించారు. ఎన్నికలు గెలిచాక ఆర్థికమంత్రిగా వచ్చిన స్టీవెన్ మ్నూచిన్ గోల్డ్‌మన్‌లో పనిచేసినవారే కాదు, కూలిపోయిన ఇండీమ్యాక్ బ్యాంకును 2009లో కొని, వన్‌వెస్ట్ పేరుతో నడిపి, ఇళ్ల జప్తుల విషయంలో తీవ్ర విమర్శలు ఎదుర్కొన్నవారు కూడా.

నాకు ఇందులో కనిపించేది ఇది. ఈ చిత్రాలు ‘పైవాళ్లు మోసం చేశారు’ అన్న కోపాన్ని బాగా మండించగలవు. ఆ కోపాన్ని నియంత్రణ చట్టాల వైపు నడిపించాలా, వలసదారుల మీదికి తిప్పాలా అన్నది మాత్రం సినిమా చేతుల్లో ఉండదు, తరువాత వచ్చి మైకు అందుకున్నవాడి చేతుల్లో ఉంటుంది. శాండర్స్‌కు పనికొచ్చిన ఇంధనమే ట్రంప్‌కూ పనికొచ్చింది.

లెక్కలమేస్త్రి:

ఆ మాటతో ఏకీభవిస్తూ ఒకటి చేరుస్తాను. కోపం దారి తప్పడానికి చిత్రాల నిర్మాణంలోనే కొంత కారణం ఉంది. సంక్షోభం తరువాత బ్యాంకుల నియంత్రణ కోసం డాడ్-ఫ్రాంక్ చట్టం 2010లో వచ్చింది. బ్యాంకులు ఎంత సొంత మూలధనం ఉంచుకోవాలి, వినియోగదారుల రక్షణ సంస్థకు ఎంత అధికారం ఉండాలి అన్న పోరాటాలు అప్పటి నుంచి నడుస్తూనే ఉన్నాయి. 2018లో ఆ చట్టాన్ని మధ్యతరహా బ్యాంకుల విషయంలో సడలించినప్పుడు, ‘ద బిగ్ షార్ట్’ చూసి ఆవేశపడిన కోట్లమందిలో ఎందరు గమనించారు? ఆ చిత్రం చివర్లో వందలమంది బ్యాంకర్లు జైలుకెళ్లారని చెప్పి, వెంటనే అదంతా ఉత్తదేనని వేళాకోళం చేస్తుంది. దాంతో ప్రేక్షకుడి మనసులో నిలిచేది జైలు ఒక్కటే. మూలధన నిష్పత్తి మీద ఎవరూ సినిమా తీయరు, తీసినా నేను తప్ప ఎవరూ చూడరు.

సాయంసంధ్య:

జైలు మాట వచ్చింది కాబట్టి స్టీవ్ జేమ్స్ 2016లో తీసిన ‘అబాకస్: స్మాల్ ఎనఫ్ టు జైల్’ను ఈ వరుసలో చేర్చమని కృష్ణాతీరం గారికి నా మనవి. 2008 సంక్షోభానికి సంబంధించి అమెరికాలో క్రిమినల్ విచారణ ఎదుర్కొన్న బ్యాంకు అదొక్కటేనని ఆ చిత్రం చెబుతుంది. న్యూయార్క్ చైనాటౌన్‌లో ఒక వలస కుటుంబం నడుపుతున్న చిన్న బ్యాంకు. మోసం చేసిన ఉద్యోగిని ఆ బ్యాంకే కనిపెట్టి, తొలగించి, అధికారులకు చెప్పింది. అయినా 2012లో మన్‌హాటన్ ప్రాసిక్యూటరు కార్యాలయం ఉద్యోగులను ఒకే గొలుసుకు వరసగా బిగించి, కెమెరాల ముందు నుంచి కోర్టు నడవాలో నడిపించింది. 2015లో జ్యూరీ అన్ని ఆరోపణలనూ కొట్టేసింది. బ్యాంకర్లను సంకెళ్లతో చూడాలన్న జనం కోరిక తీరిన అరుదైన దృశ్యాల్లో అదొకటి, తీరింది మాత్రం ఏ ‘ట్రిపుల్ ఏ’ ముద్రతోనూ సంబంధం లేనివాళ్ల మీద.

ఎడారివాసి (ఫీనిక్స్):

అబాకస్ చిత్రాన్ని ఇక్కడ మా తెలుగు మిత్రులకు చూపిస్తాను. ‘99 హోమ్స్’ చూపించినప్పుడు, ఫోర్‌క్లోజర్ ఇళ్లు కొన్నవాళ్లం కాబట్టేమో, ఆ గడ్డి మీది సామాను దగ్గర గదిలో మాటలు ఆగిపోయాయి. అయితే సాయంసంధ్య గారి అంచనా పూర్తిగా నిజం కాలేదు. భోజనాల దగ్గర మళ్లీ వాదన మొదలైనప్పుడు ఇద్దరు మిత్రులు, గార్‌ఫీల్డ్ వాయిదాలు కట్టి ఉంటే ఇదంతా వచ్చేదే కాదని పాత మాటే అన్నారు. మరో మిత్రురాలు మాత్రం, ఈ ఇంటిని మనకు అమ్మినవాళ్లు ఎప్పుడు ఖాళీ చేశారో మనమెవరమైనా అడిగామా అని తిరిగి అడిగింది. ఆమె ఓటు మారిందో లేదో నాకు తెలియదు.